తెలిసిన కొలతలు – తెలియని కోణం
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తోటి పింఛనుదారులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుండి శ్రమకోర్చి వచ్చారు. 2016లో జిల్లాలు వేరయినా మనం వేరుపడలేదు. సంతోషం.

"ఈ వయసులో త్రికోణమితి ఎందుకండీ?" అని ఒక మిత్రులు నవ్వారు. కారణం చెబుతాను. జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి మనం వెళ్ళే ఒకచోట, మెట్ల పక్కనున్న ర్యాంపు మీద మన సభ్యులొకరు జారిపడ్డారు. మణికట్టు విరిగింది. "చూసుకుని నడవాలి కదా" అన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. మర్నాడు టేపు పట్టుకుని వెళ్ళాను.

ర్యాంపు ఎత్తు ఒకటిన్నర అడుగు. నేల మీద పొడవు ఆరడుగులు. ఒకటిన్నరను ఆరుతో భాగిస్తే 0.25. ఇది ఆ వాలు కోణానికి టాన్ విలువ. మరి కోణమెంత?

మన ఆఫీసు భాషలో చెబుతాను. పేరు చెబితే ఫైలు నెంబరు వెతకడం ఒక పని. నెంబరు చెబితే ఎవరి ఫైలో వెతకడం దానికి తిరగేసిన పని. రిజిస్టరు ఒక్కటే. కోణమిస్తే నిష్పత్తి చెప్పేది టాన్, నిష్పత్తి ఇస్తే కోణం చెప్పేది టాన్ విలోమం. దాని తలమీద రాసే మైనస్ ఒకటిని చూసి 'ఒకటి బై టాన్' అని పొరబడకండి. వెనకటి గణిత పట్టికల్లో చూస్తే 14 డిగ్రీల టాన్ 0.2493. అంటే మన కోణం 14 డిగ్రీల పైచిలుకు. టేపును వాలు వెంబడి పట్టి ఉంటే సైన్ విలోమం వాడాలి, అంతే తేడా.

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి మించరాదు. దాని కోణం 4 డిగ్రీల 46 నిమిషాలు. ఇక్కడున్నది దాదాపు మూడింతలు! ఒకటిన్నర అడుగు ఎత్తుకు పద్ధెనిమిది అడుగుల పొడవు కావాలి. తప్పు ఆయన కాళ్ళది కాదు.

ఈ అంకెలతో అర్జీ రాశాను. చేతిపట్టీ వేశారు. పొడవు ఇంకా పెంచలేదు. రెండో అర్జీ పెట్టాను.

సరదాకి ఒక లెక్క. పటం మీద సూటిగా కొలిస్తే సూర్యాపేట–కోదాడ సుమారు 40 కిలోమీటర్లు, సూర్యాపేట–మిర్యాలగూడ 30, కోదాడ–మిర్యాలగూడ 45. ఆ మూడోది 50 అయితే సూర్యాపేట దగ్గర లంబకోణం. 45 కనుక కొంత తక్కువ. 1600, 900 కలిపి 2025 తీసివేస్తే 475. దాన్ని 2400తో భాగిస్తే 0.198. కాస్ విలోమం చూస్తే సుమారు 79 డిగ్రీలు. మిగతా రెండు కోణాలు మనవలతో కలిసి చేసి చూడండి. మూడూ కలిపితే 180 రావాలి.

చివరగా ఒక మనవి. మీ మీ ఊళ్ళలో మనం ఎక్కే ప్రతి ర్యాంపుకూ ఎత్తు, పొడవు కొలిచి నాకు పంపండి. కోణం నేను తీస్తాను. అర్జీ మీద సంతకం అందరం పెడదాం.

సెలవు.