సూది గుచ్చుకోకుండా మీరూ తోడ్పడండి



వార్డులో కొత్తగా డ్యూటీలో చేరిన సిస్టర్లను మీరు చూస్తున్నారు కదా! వారికి ఉన్న ఒక ప్రమాదం గురించి చెబుతాను. ఇంజెక్షన్ చేస్తుండగా రోగి చెయ్యి లాక్కుంటే, వాడిన సూది సిస్టరు వేలికి గుచ్చుకోవచ్చు. రోగి రక్తంలో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. ఉంటే ఆమెకూ సోకవచ్చు. హెపటైటిస్ బి కి టీకా ఉంది, మిగతా రెండింటికీ లేదు.

గుచ్చుకున్న వెంటనే సబ్బునీళ్ళతో కడుక్కొని పై సిస్టరుకు చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా మందులు అవసరమైతే ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా, 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. కొత్తవారు భయపడి దాచిపెడితే ఆ సమయం దాటిపోతుంది.

మరి మీరేం చేయాలి? ఇంజెక్షన్ చేసేటప్పుడు రోగి చెయ్యి కదలకుండా పట్టుకోండి. ఆ సమయంలో సిస్టరును తొందరపెట్టకండి. పక్కమీద సూది కనిపిస్తే ముట్టుకోకుండా చెప్పండి. ఆమెకు గుచ్చుకుంటే, "ముందు మీరు కడుక్కోండి సిస్టర్, మేం ఆగుతాం" అనండి. తర్వాత రోగి రక్తపరీక్షకు అనుమతి అడిగితే నొచ్చుకోకండి. అది మీ మీద అనుమానంతో కాదు, ఆమెకు మందులు అవసరమో కాదో తెలుసుకోవడానికే.

మీ వారిని చూసుకునే ఆ అమ్మాయి కూడా ఆరోగ్యంగా ఇంటికి వెళ్ళాలి కదా!