పాత బ్రేకు సామాను: కొనేవారికి, అమ్మేవారికి నాలుగు మాటలు



బీదరు, హుమ్నాబాదు, జహీరాబాదు ప్రాంతాల్లో కారున్నవారు వాడిన సామాను కోసం హైదరాబాదు దాకా వెళ్ళి బేరమాడటం మామూలే. వేగంగా పోయే పెద్దకార్ల డిస్కులు, క్యాలిపర్లు తెచ్చి తమ చిన్నకారుకు బిగించుకోవాలని ముచ్చటపడే యువకులూ ఉన్నారు. అయితే పాత తలుపు కొన్నట్టు పాత బ్రేకు కొనకూడదు.

కారణం చెబుతాను. వేగం 40 నుంచి 80 కిలోమీటర్లకు పెరిగితే బండిలోని శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. బండి ఆగాలంటే ఆ శక్తినంతా బ్రేకులే వేడిగా మార్చి వదలాలి. అరిగి పలచబడిన డిస్కు ఆ వేడికి తట్టుకోలేదు.

కనుక డిస్కు కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన కనీస మందం ఎంతో చూడండి. అంచున అరగకుండా మిగిలిన గట్టును వదిలి, ప్యాడు రాసుకునే చోట కొలవండి. కనీసం 20 మిల్లీమీటర్లని ఉండి, కొలిస్తే 20.2 వచ్చిందనుకోండి. అది ఎంత చవకైనా తుక్కు కిందే లెక్క. డ్రమ్ముకు లెక్క తిరగబడుతుంది. దాని మీద ఉండేది గరిష్ఠ వ్యాసం. కుండను కొట్టి చూసినట్టు డ్రమ్మునూ తట్టి చూడండి. బోలుగా పలికితే పగులుందని అనుమానించాలి. ఖంగుమన్నా సరే, కంటితో చూడటం మానకండి. డిస్కు మీద నీలిమచ్చలుంటే అది బాగా కాలిందని అర్థం. రంధ్రాలున్న డిస్కయితే రంధ్రాల మధ్య సన్నని పగుళ్ళు వెతకండి.

క్యాలిపర్ పిస్టను తుప్పు పట్టకుండా ఉంటే కొనవచ్చు, కాని సీళ్ళు కొత్తవే వేయించాలి. ప్యాడ్లు, లైనర్లు, రబ్బరు గొట్టాలు పాతవి వద్దే వద్దు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూతతీసి ఉంచిన డబ్బా కూడా వద్దు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

పెద్ద బ్రేకు బిగిస్తే చాలు, బండి బాగా ఆగుతుందనుకోవద్దు. ముందు, వెనక బ్రేకుల పాళ్ళు కుదరాలి. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే బండి గిర్రున తిరిగిపోతుంది.

అమ్మే సోదరులకు ఒక విన్నపం. సామాను ఏ బండిదో, ఎంత అరిగిందో దాచకుండా చెప్పి రసీదు రాసివ్వండి. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం కాబట్టి, ఆ రసీదు ఇద్దరికీ రక్ష.

బేరంలో మిగిలేది కొన్ని వందలు. ఆ బండిలో కూర్చునేది మాత్రం మన పిల్లలే.