కాలిలో గడ్డ, ఊపిరికి గండము



శస్త్రచికిత్స చక్కగా జరిగినది, గాయము మానుచున్నది, రేపో మాపో రోగి ఇల్లు చేరవలసియున్నది. అట్టివాడు మంచము దిగి నాలుగడుగులు వేయునంతలో ఊపిరందక కూలి ప్రాణము విడుచుట కలదు. ఇది విధివ్రాత కాదు. కాలి సిరలో గడ్డకట్టిన నెత్తురు ఊడి, గుండె మీదుగా పోయి, ఊపిరితిత్తుల నాళమున కడ్డుపడుటయే దీనికి హేతువు.

ఇట్టి గడ్డకు కారణములు మూడు: కదలిక లేక రక్తము మందగించుట, రక్తనాళమునకు దెబ్బ తగులుట, రక్తమునకు గడ్డకట్టు గుణము హెచ్చుట. పారు కాలువకు నాచు పట్టదు. నిలిచిన నీటికే పట్టును.

1916లో అమెరికాలోని బాల్టిమోరునందు జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి రక్తమును గడ్డకట్టనీయని పదార్థమును కాలేయమునుండి తీసెను. హెపారిన్ మందునకు అదియే నాంది. 1975లో లండనునందలి విజయ్ కక్కర్ బృందము శస్త్రచికిత్స పొందిన 4,121 మందిపై జరిపిన పరిశోధనను ప్రకటించెను. రమారమి సమానమైన రెండు వర్గములలో, స్వల్పమాత్రలో హెపారిన్ పొందనివారిలో 16 మందియు, పొందినవారిలో ఇద్దరు మాత్రమే ఈ అడ్డంకిచే మృతినొందిరి.

ఒక కాలు వాచి నొప్పిపెట్టినను, హఠాత్తుగా ఆయాసము కలిగినను వెంటనే వైద్యునకు తెలుపవలెను. అల్ట్రాసౌండు పరీక్షచే సిరలోని గడ్డ కనబడును. ఆ కాలిని నూనె రాచి మర్దింపరాదు, గడ్డ ఊడిపోవచ్చును. చికిత్స సాధారణముగా మూడు నెలలకు తక్కువ కాదు. ఆ మందు రక్తస్రావమునకు దారితీయవచ్చును గనుక వైద్యుని మాట లేక వాడుటయు, మానుటయు రెండును ప్రమాదమే.

“రోగిని కదలనీయకుడు” అను ఆప్తుల ప్రేమయే ఒక్కొక్కప్పుడు శత్రువగును. వైద్యు డనుమతించిన నాడే చేయిపట్టి నడిపించుడు. అదియే నిజమైన సేవ.