బడి కచేరీ దస్త్రములలో దొరకిన వింతలు

ప్రభుత్వ కార్యాలయములలో పాత కాగితములకు వేరువేరు గతులు కలవు. ఫైలు మూసివేయునపుడు గుమాస్తా దానిపై ఒక గురుతు వేయును. ‘ఆర్. డిస్.’ అని వేసినచో అది శాశ్వతముగా నుండవలెను. ‘డి. డిస్.’ అని వేసినచో పదేండ్ల తరువాత నశింపజేయవచ్చును. ‘ఎల్. డిస్.’ అన్నచో దాని ఆయువు అంతకంటెను తక్కువ. మనుష్యుల తలవ్రాత మాట యెట్లున్నను, కాగితముల తలవ్రాత మాత్రము ఈ పొడి యక్షరములలోనే యున్నది.

ఈ సంగతి మాకు తెలిసినది విశ్వవిద్యాలయమున చదువుకొను రోజులలో, ఒక వేసవి సెలవులలో. గుంటూరు ప్రాంతమున విద్యాశాఖకు చెందిన కార్యాలయ మొకటి పాత భవనము విడిచి వేరొక చోటికి తరలుచుండెను. పాత దస్త్రములను తెమల్చుటకు తాత్కాలికముగా కొందరు విద్యార్థులను పెట్టుకొనిరి. ఎఱ్ఱగుడ్డ మూటలు విప్పుట, దుమ్ము దులుపుట, జాబితా వ్రాయుట, ఉంచవలసిన వానిని ఒక ప్రక్కను, పారవేయవలసిన వానిని వేరొక ప్రక్కను పేర్చుట మా పని. రోహిణికార్తె యెండలు. గదిలో పంకా యున్నది గాని వేయరాదు. వేసినచో చెదలు తిన్న కాగితము పొడియై కన్నులలో పడును.

మొదటి వారము దొరకిన వన్నియు నవ్వు పుట్టించునవే. ఒక కవరులో బొంగరము, తాడు, ఏడు గోలీలు. తరగతిలో ఆడుచుండగా లాగికొన్నవనియు, తండ్రి స్వయముగా వచ్చినచో ఇచ్చివేయవలసిన దనియు పైన వ్రాసి యున్నది. తండ్రి రాలేదు కాబోలు. ఒక పల్లెబడి సామగ్రి జాబితాలో కుర్చీ ఒకటి, గంట ఒకటి, చీపుళ్ళు రెండు, ప్రపంచపటము ఒకటి. మరుసటి యేటి జాబితాలో ప్రపంచ పటమున కెదురుగా ‘చెదలు’ అని ఒక్కమాట. ఆ ఉపాధ్యాయుడు మితభాషి.

తరువాత ప్రవేశ పట్టికలు వచ్చినవి. బడిలో చేరు పిల్లల పేర్లు వ్రాయు పెద్ద పుస్తకములివి. వానిలో ఒకటి ధరణికోటది. నేడు అమరావతి ప్రక్కనున్న ఆ పల్లె యొకప్పటి ధాన్యకటకము, శాతవాహనుల నాటి మహానగరము. కాని పట్టికలో శాతవాహనులు లేరు. పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడుచుటకు కారణము అను గడులు మాత్రమే యున్నవి.

పుట్టిన తేదీల గడి చూచినపుడు మేము మొదట నిజముగా ఆశ్చర్యపడితిమి. పుట మొదలు తుదివరకు జూలై 1, జూన్ 1, జూలై 1. ఊరిలోని పిల్లలందఱును వేసవి దాటినంతనే పుట్టినట్లున్నది! ప్రక్కనున్న వృద్ధ గుమాస్తా మా వెఱ్ఱిని తీర్చెను. ఏ తల్లిదండ్రులకు ఇంగ్లీషు తేదీ తెలియును? సాగరు ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన యేడు పుట్టినాడందురు. దివిసీమ ఉప్పెనకు ముందు కార్తెలో పుట్టినదందురు. సాగరు శంకుస్థాపన 1955 డిసెంబరు 10. ఉప్పెన 1977 నవంబరు 19. సంవత్సరము ఎట్లో తేలును, నెల తేలదు. బడులు తెఱచునది జూన్‌లో; పిల్లవానికి అప్పటికి అయిదేండ్లు నిండవలెను. కావున ప్రధానోపాధ్యాయుడు కలము ముంచి, ఒక తేదీ దయచేయును.

ఇది వినోదమే యనుకొందుము గాని, ఆ తేదీ పిల్లవానిని జీవితాంతము వెంబడించును. పదవతరగతి సర్టిఫికెట్టు కెక్కును, దానినుండి ఉద్యోగపు సర్వీసు పుస్తకమున కెక్కును. పుట్టిన తేదీల నమోదును గూర్చి 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఒకసారి సర్వీసు పుస్తకమున కెక్కినదానిని మార్పించుకొనుట బహు దుర్లభము. ఏనాడో ఒక ఉపాధ్యాయుడు తోచినట్లు వేసిన అంకెను బట్టి ఒకడు ఏడాది ముందు పింఛను పుచ్చుకొనును, వేరొకడు ఏడాది వెనుక పుచ్చుకొనును. తేదీ సవరింపుమని వేడుకొనుచు వచ్చిన అర్జీల మూట వేరే యున్నది. పట్టికల మూటకంటె అదియే బరువు.

విడుచుటకు కారణమను గడి యందు ఇంత వినోదము లేదు. ‘మిరపకోతలు.’ ‘పొగాకు పని.’ ‘పశువుల కాపు.’ ‘వలస.’ ఆడపిల్లల కెదురుగా ‘వివాహము’ అని తఱచు కనబడును. కొన్నిచోట్ల గడి ఖాళీ. పిల్ల వచ్చుట మానినది. ఏల మానినదో అడుగుటకు ఎవరును పోలేదు.

ఈ గడులున్న పట్టికల విలువ ఏమో, అవి లేని కాలమును చూచిన తెలియును. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్ 25న కలెక్టర్ల కొక ఉత్తర్వు చేసెను: మీ మీ జిల్లాలలో నున్న బడులను, పిల్లలను లెక్కించి పంపుడని. మరుసటి యేడు గుంటూరు కలెక్టరు పంపిన లెక్క ప్రకారము జిల్లాలో బడులు 574, మగపిల్లలు 7,622, ఆడపిల్లలు 102. పల్నాడును ఆ జిల్లాలోనిదే. 1826 మార్చి 10 నాటి లేఖలో మన్రో రాజధాని మొత్తమునకు బడులు 12,498 అని తేల్చెను. ఆ కాగితములు దీర్ఘకాలము మద్రాసు దస్త్రశాలలో పడియుండగా, ధరంపాల్ అను చరిత్రకారుడు వానిని వెదకి తీసి 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అను గ్రంథముగ ప్రకటించెను. దేశీయ విద్యపై అటుపిమ్మట జరిగిన వాదములెల్ల ఆ పట్టికలమీదనే నిలిచినవి. అయినను ఆ 102 మంది ఆడపిల్లలలో ఒక్కతె పేరైనను అందు లేదు. అంకెగా మాత్రమే మిగిలిరి.

అంతకంటె పదునాఱు పదునేడు వందల యేండ్లకు పూర్వపు ధాన్యకటకవాసు లీ విషయమున అదృష్టవంతులు. అమరావతి స్తూపమునకు రాళ్ళు సమర్పించినవారు వానిపై తమ పేరు, తండ్రి పేరు, వృత్తి చెక్కించుకొనిరి. అందొకడు విధికుడు, చర్మకారుడు, నాగుడను ఉపాధ్యాయుని కుమారుడు. తల్లితో, భార్యతో, సోదరులతో, కుమార్తెలతో, నాగుడను కుమారునితో కూడి పూర్ణఘటము చెక్కిన పలకను దానము చేసినట్లు పండితులు చదివిరి. మనుమనికి తాతపేరు పెట్టు ఆచారము ఆనాడును కలదన్నమాట. ఆ శాసనమును చదివినపుడు మాకు ప్రవేశ పట్టిక గడులే కనులకు కట్టినవి. బడిపంతులు కుమారుడు తోలుపని చేయుచుండె నన్న మాటను, చరిత్ర వ్రాయువారు ఇంకొంచెము ఆగి ఆలోచింపదగును.

ఆ రాళ్ళకును డి. డిస్. గురుతు పడినంత పనియైనది. 1797లో కల్నల్ మెకంజీ అచటికి వచ్చునప్పటికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కొత్తపట్టణమునకై దిబ్బను త్రవ్వి రాళ్ళను తీయుచుండిరి. కొన్ని మెట్లలోను గోడలలోను చేరినవి, కొన్ని సున్నమైనవి. 1845లో సర్ వాల్టర్ ఇలియట్ త్రవ్వించి మద్రాసునకు చేర్చిన పలకలు ఏండ్ల తరబడి అచట ఎండకు వానకు పడియుండి 1859లో ఓడ యెక్కినవి. లండనులో ఇండియా ఆఫీసువారు వానిని ఫైఫ్ హౌస్ బండ్లశాలలో పడవేసి మఱచిరి. 1867లో పారిస్ ప్రదర్శనమునకు భారతీయ శిల్పముల ఛాయాచిత్రములు వెదకుచు పోయిన జేమ్స్ ఫెర్గుసన్ కంటికి అవి పడినవి. ఆయన కావలసినది ఛాయాచిత్రములు, దొరకినది స్తూపము.

కచేరీ గదులలో వస్తువులు దొరకు తీరే ఇది. వెదకునది వేరు, చేతికి వచ్చునది వేరు. 1962 మొదలు 1965 వరకు పురావస్తుశాఖవారు ధరణికోటలో త్రవ్వినపుడు కృష్ణతో కలియు కాలువయు, పడవలు నిలుచు రేవును బయటపడినవి. పొలముల నడుమ రేవుండు నని ఎవరనుకొందురు?

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినది. నరసరావుపేట దానికి కేంద్రమైనది. అమరావతి మండలముతో పాటు ధరణికోటయు గుంటూరును విడిచి అందు చేరినది. ఊరు జిల్లా మాఱినచో కాగితములును మాఱక తప్పదు. నియమము ప్రకారము ప్రవేశ పట్టికలు శాశ్వతముగా నుండవలసినవే. మూతపడిన బడుల పట్టికలు ఏ బడి బీరువాలోనికి చేరినవో, మిరపకోతలకు పోయిన పిల్లల పేర్లున్న ఆ పుటలను ఈ మాఱు మూటకట్టిన వారెవ్వరో, ఏ ప్రక్కను పేర్చిరో!