మూట కదిలిందన్న మాట

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, బ్యాంకు లింకేజీ లెక్కలు నివేదికలో అచ్చయినయి, అవి మళ్లీ చదవము. మాకు సామాజిక అంశం మీద మాట్లాడమని సమయం ఇచ్చిన్రు. పిల్లలు తప్పిపోయినప్పుడు ఊర్లో పుట్టే ఒక మాట గురించి మాట్లాడుతం. ‘ఫలానోడే ఎత్తుకపోయిండంట’ అనే మాట.

పోయిన పత్తి ఏరే కాలంలో మా ఊర్లో ఆరేండ్ల బాబు కనపడకపోయిండు. తల్లి మా సంఘం సభ్యురాలే. పొద్దున బడికి తయారు చేసి ఆమె కూలికి పోయింది. మధ్యాహ్నం అన్నం కాడ పిల్లగాడు లేడని టీచరమ్మ ఫోన్ చేసింది. మూడు గంటలకల్లా ఊరందరికీ తెలిసింది. నాలుగు గంటలకల్లా దొంగ ఎవరో కూడా తెలిసింది. అది చూడండి అక్కలారా, పిల్లగాడు ఎక్కడున్నడో తెల్వదు, దొంగ మాత్రం దొరికిండు.

ఆ దొంగ ఎవరంటే, బండి మీద చెద్దర్లు, దుప్పట్లు వాయిదాల మీద అమ్ముకునే ఆయన. రెండేండ్ల సంది నెలకోసారి మా ఊరికి వస్తడు. ఆ పొద్దు బడి కాడ బండి ఆపి పిల్లలతో మాట్లాడంగ చూసినమని ఒకరన్నరు. బండి మీద పెద్ద మూట ఉండె అని ఇంకొకరన్నరు. చెద్దర్లు అమ్మేటోని బండి మీద మూట కాక ఇంకేముంటది? పొద్దుగూకే యాళ్లకు ఆ మూట కదిలిందన్నరు. కదలంగ చూసినోళ్లు ఎవరని మేము ఇల్లిల్లు తిరిగి అడిగినం. ప్రతి ఒక్కరు ఇంకొకరి పేరు చెప్పిన్రు. చూసినోళ్లు ఒక్కరూ లేరు.

ఎవరో పోయిన నెల చెద్దరు కొన్నప్పుడు తీసిన ఫోటో ఉండె. దాని మీద ఎర్రగ గుండ్రం గీసి, కింద ‘పిల్లలను ఎత్తుకపోయే ముఠా, కనపడితే వదలొద్దు’ అని రాసి పంపిన్రు. గంటలో రెండు మండలాలు తిరిగింది. ఆయన మూడు ఊర్ల అవతల ఇంటికి పోతున్నడు. రోడ్డు మీద బండిని అడ్డుకున్నరు, బండి పలగ్గొట్టిన్రు, ఆయన చెయ్యి విరిగింది. మా సంఘం నుంచి ఏడుగురం ఆటో కట్టుకొని పోయి ఆయన చుట్టూ నిలబడ్డం. ఆయన మంచోడని సాక్ష్యం చెప్పనీకె పోలేదు. మంచోడో చెడ్డోడో మాకేం తెలుసు? తెలియదు కాబట్టే కొట్టొద్దన్నం. ‘మీ ఊరి పిల్లగాడు పోతే మీరే అడ్డం వస్తిరా’ అని మా మొహాల మీదనే తిట్టిన్రు. పోలీసులు వచ్చేదాక ముప్పావు గంట అట్లనే నిలబడ్డం.

ఈలోపల ఊర్లో ఉన్న మా అధ్యక్షురాలు తల్లి దగ్గర కూర్చుంది. పొద్దటి నుంచి ఆ తల్లిని ‘నీకు ఎవరి మీద అనుమానం’ అని అడిగినోళ్లే కానీ, ‘పిల్లగానికి ఎక్కడికి పోవుడంటే ఇష్టం’ అని అడిగినోళ్లు లేరు. అధ్యక్షురాలు అడిగితే అమ్మమ్మ ఊరి మాట వచ్చింది. పత్తి ఏరేటోళ్ల ఆటోలు ఆ దారినే పోతయి. రాత్రి ఏడు గంటలకు పిల్లగాడు అమ్మమ్మ ఇంట్లో దొరికిండు. కూలోళ్ల ఆటోలో ఒకరి ఒళ్లో కూర్చొని పోయిండు. బిడ్డనే పంపిందేమో అని ముసలామె అనుకుంది. ఆమెకు ఫోన్ లేదు.

తర్వాత మేము ఒకటి లెక్క తీసినం. ఆ రోజు మా ఊరి నుంచి పోలీసులకు మొదటి ఫోన్ ఎప్పుడు పోయింది? సాయంత్రం ఆరు దాటినంక. అది కూడా పిల్లగాని కోసం కాదు, రోడ్డు మీద కొట్లాట అయితుందని మేము చేసిన ఫోన్. అంతదాక నాలుగైదు గంటలు ఊరు ఊరంతా దొంగను వెతికింది.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట అయితే ఇంత పెద్ద సభలో చెప్పకపోదుము. 2018 ఎండకాలం మీకు యాది ఉండే ఉంటది. మన గద్వాల దిక్కే మొదలు భయం లేచింది. పార్థీ ముఠా దిగిందని, బీహార్ గ్యాంగు వచ్చిందని ఫోన్లలో వచ్చింది. ఎండకాలం ఆరుబయట పడుకునే జనం పిల్లలను లోపలేసుకొని తలుపులు పెట్టుకున్నరు. మగోళ్లు కట్టెలు, రాళ్లు పట్టుకొని రాత్రంతా కాపలా కాసిన్రు. అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లను ఊర్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, అది అబద్ధమని ఊరూరా చెప్పించిన్రు. ఆడామె పెద్ద ఆఫీసరుగ ఉండి చేసిన పని అని చెప్పుకోవడానికి మాకు కొంచెం గర్వంగనే ఉంటది.

అంతటా అట్ల కాలేదు. అదే మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెల అని అడుక్కోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ ఆడోళ్లను పిల్లల దొంగలని రాళ్లతో కొట్టిన్రు, ఒకామె చనిపోయింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంత రోజు, అడుక్కొని బతికే సంచార కులపోళ్లు ఐదుగురిని పంచాయతీ ఆఫీసు గదిలో వేసి కొట్టి చంపిన్రు. ఒక చిన్నపిల్లతో మాట్లాడుడే వాళ్లు చేసిన తప్పు. జూలై 13న బీదర్ జిల్లా ముర్కిలో, హైదరాబాద్ నుంచి కారులో పోయిన పోరగాండ్లు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన్రని ఎంటపడ్డరు. వాళ్లు కారెక్కి తప్పించుకుంటుంటే ముందు ఊరికి ఫోన్లలో కారు ముచ్చట పంపి, రోడ్డుకు అడ్డం పెట్టి ఆపిన్రు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అక్కడే చనిపోయిండు. ఆ కేసులో కొట్టినోళ్లతోపాటు వాట్సాప్ గ్రూపు అడ్మిన్ను కూడా అరెస్టు చేసిన్రు. వివోఏ చెల్లెండ్లు ఈ మాట గట్టిగ పెట్టుకోవాలె, ప్రతి ఊరి గ్రూపుకు అడ్మిన్లు మీరే.

అప్పుడు అందరికంటే ఎక్కువ తిరిగిన వీడియో ఒకటుంది. బండి మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకునే పిల్లగాన్ని ఎత్తుకపోతరు. అది పాకిస్తాన్‌లో కరాచీ పట్నంలో, పిల్లలను జాగ్రత్తగ చూసుకోండి అని చెప్పడానికి ఒక సంస్థ నటించి తీసింది. చివర్ల పిల్లగాన్ని తెచ్చి దించి, బోర్డు చూపిస్తరు. ఆ చివరి ముక్క కోసేసి మనకు పంపిన్రు. అదే ఏడాది జూలైలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒకసారి ఐదుగురికంటే ఎక్కువకు పంపరాకుండ చేసింది. కానీ ఐదుగురు ఇంకో ఐదుగురికి పంపితే మండలం నిండడానికి ఎంతసేపు?

అట్లని పిల్లలను ఎవరూ ఎత్తుకపోరు, అంతా పుకారే అని మేము అనము. భయపడ్డ తల్లిని తెలివితక్కువది అనే హక్కు ఎవరికీ లేదు. అదే 2018 జూలై మొదటి వారంలో హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ప్రసూతి దవాఖానలో రోజుల పసిబిడ్డను నిజంగనే ఎత్తుకపోయిన్రు. ఎత్తుకపోయింది గడ్డపోడు కాదు, ముఠా కాదు, మామూలు చీర కట్టుకున్న ఒక ఆడామె. పోలీసులు కెమెరాలు చూసుకుంట పోతే ఆమె బీదర్ బస్సు ఎక్కినట్టు తెలిసింది. రెండు మూడు రోజులలోపలే బిడ్డ దొరికింది. ఇటు బీదర్ జిల్లాలో అసలు బిడ్డ కెమెరాలతో దొరికింది, పది రోజులకు అదే జిల్లాలో ఉత్త మాటతో ఒక మనిషి పానం పోయింది. మేము ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసుకొని మా సంఘం మీటింగులో చదివినం. చాలాసేపు ఎవరూ మాట్లాడలే.

2020 అక్టోబర్‌లో మహబూబాబాద్‌లో తొమ్మిదేండ్ల బాబును తీసుకపోయి 45 లక్షలు అడిగిన్రు. టీవీలల్ల పెద్ద ముఠా అని, ఇంతమంది అని రోజూ తీరొక్క తీరు చెప్పిన్రు. ఆఖరుకు తేలిందేంది? తెలిసినోడు. బాబు గుర్తుపట్టేటోడు, పిలిస్తే బండి ఎక్కిండు. బాబును తీసుకపోయిన కొన్ని గంటలకే చంపిండు. ఆ కుటుంబం పైసల కోసం తిరిగిన రోజులన్నీ బాబు లేడు. 2023లో కోర్టు వానికి ఉరిశిక్ష వేసింది. తెల్వనోన్ని చూసి ఉరుకుతం కానీ, తెలిసినోడు పిలిస్తే పోవద్దని పిల్లలకు ఎట్ల చెప్పాలెనో మనకు ఇంకా రాదు. అది కష్టమైన మాట, సుట్టాలకు కోపం వచ్చే మాట.

ఇంకో సంగతి. మన దిక్కు పిల్లలు పోయే దారి మనకు బాగ తెలుసు. సీడు పత్తి చేన్లల్ల క్రాసింగ్ పనికి, ఇటుక బట్టీలకు. పిల్లలను తీసుకపోయేటోడు గోనెసంచి తేడు, అడ్వాన్సు తెస్తడు, చాయ్ తాగి పోతడు. ప్రతి సంవత్సరం జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు, అధికారులు కలిసి అసొంటి పిల్లలను తెస్తనే ఉన్నరు. ఆ మేస్త్రీ ఫోటోకు ఎవరూ ఎర్ర గుండ్రం గీయరు. చెద్దర్లాయనకు గీసిన్రు, ఎందుకంటే ఆయన ఒక్కడు, బయటోడు, ఆయన తరఫున తగువుకు వచ్చేటోళ్లు మన ఊర్లో లేరు. పాలమూరు నుంచి పుణె, ముంబై పనికి పోయిన మన అన్నదమ్ములు అక్కడ ఇట్లనే ఉంటరు. ఆ ఊర్ల లెక్కన బయటోళ్లం మనమే.

ఫోటోల గురించి మా పోలీస్ స్టేషన్ సారు ఒక విషయం చెప్పిండు, అది మాకు అప్పటిదాక తెల్వదు. దొరికినోని మొహానికి గుడ్డ ఎందుకు కప్పుతరు అని అడిగినం. వాని మానం కాపాడనీకె అనుకున్నం. అది కాదట. చూసిన సాక్షితోని మెజిస్ట్రేట్ ముందట గుర్తింపు పరేడ్ పెడతరు, పదిమంది మధ్యల నిలబెట్టి ‘వీళ్లల్ల ఎవరు’ అని అడుగుతరు. ముందే ఆ మొహం ఫోన్లల్ల తిరిగితే, ‘సాక్షి ఫోన్‌లో చూసి చెప్తుంది, ఆ రోజు చూసి కాదు’ అంటడు వకీలు. అంటే నిజమైన దొంగ అయితే, మనం పంపిన ఫోటో వానికే పనికొస్తది. దొంగ కాకపోతే ఒక అమాయకుని బతుకు పోతది. ఎట్ల చూసినా పిల్లకు ఒరిగేది ఏమీ లేదు.

పిల్ల ఫోటో సంగతి వేరు. వెతకడానికి తల్లిదండ్రులు, పోలీసులు ఇచ్చిన ఫోటో పంపొచ్చు. దొరికినంక తీసెయ్యాలె. నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, ఊరు, బడి బయట పెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, లేదంటే రెండు లక్షల దాక జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. ‘అయ్యో పాపం’ అని పెట్టినా అంతే.

మా సంఘంలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నం. పిల్ల కనపడలేదంటే మొదటి పని 100కో 112కో ఫోన్. 24 గంటలు ఆగాలె అనేది ఉత్త మాట. తప్పిపోయిన పిల్ల అంటే ఎత్తుకపోయినట్టే అనుకొని ఎఫ్ఐఆర్ రాయాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మన స్టేషన్ పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ రాయాలె. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇద్దరు సభ్యులు తల్లి పక్కనే ఉంటరు, ఆమెను గుంపు చుట్టుకోకుండ చూస్తరు, పిల్ల ఎవరితో ఆడుతది, ఏ దారి తెలుసు, ఏ బట్టలు అని అడిగి రాస్తరు. మిగతావాళ్లు బావులు, కాలువ, ఆటో అడ్డా, బస్టాండు చూస్తరు. ‘ఎవరో ఎత్తుకపోయిన్రు’ అని చెప్పవచ్చినోళ్లను ఒక్కటే అడుగుతం: నువ్వు నీ కండ్లతోని చూసినవా? చూస్తే రా, పోలీసులకు చెప్పు. మొన్న సంక్రాంతికి ఒక పాప కోసం ఇట్లనే చేసినం, గంటన్నరలో దొరికింది. గుడి వెనక నిద్రపోయింది.

ఇంక చెద్దర్లాయన సంగతి. ఆయన మళ్లీ మన మండలానికి రాలేదు. వాయిదాలు బాకీ ఉన్నోళ్లు మా ఊర్లో పదకొండు మంది. వసూలు చేసి 8,400 రూపాయలు ఆయన ఫోన్‌కు పంపినం. ఆయన భార్య కూడా మనలెక్కనే సంఘం మనిషే, వేరే జిల్లా. ఆ బండి ఆమె పేరు మీద తీసుకున్న స్త్రీనిధి అప్పుతోని కొన్నది. బండి తిరగకున్నా కిస్తీ ఆగదు కదా, ఆమె గ్రూపోళ్లు తలా కొంత వేసి కడుతున్నరట. ఎర్ర గుండ్రం ఉన్న ఆ ఫోటో ఇంకా కొందరి ఫోన్లల్ల ఉంది. రెండు నెలల కింద వేరే పిల్ల ముచ్చటకు మళ్లీ బయటికి వచ్చింది.

బండి రిపేరుకు అయిన బిల్లు 14,600 రూపాయలు. మా ఊరి పెద్దలు, బండి పలగ్గొట్టిన ఊరి పెద్దలు ఇద్దరూ ‘కట్టితే ఒప్పుకున్నట్టు అయితది’ అని నోరు తెరుస్తలేరు. ఆ ఊరి సంఘం అక్కలు ఈ సభలోనే ఉన్నరు, వాళ్లను నిలబెట్టి అడగడానికి ఇది చెప్తలేము. మా సంఘం సామాజిక నిధి నుంచి 3,000 ఇస్తమని తీర్మానం రాసుకున్నం. మిగతాది సమాఖ్య ఏం చేస్తదో ఈ మహాసభ ఎజెండాలో చేర్చి చర్చించాలని కోరుతున్నం. రసీదు జిరాక్సు కార్యదర్శి గారికి పొద్దున్నే ఇచ్చినం.