ముంచుటయా? కలుపుటయా?

(మునిర్కాలో తెలుగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోనికి అనువదించే నాకు కొత్త పదాలకంటె తెలిసిన పదాలంటేనే భయం. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. హిందీలో దానిని 'విలయ్' అన్నారు. చిత్తుప్రతిలో నేనూ 'విలయం' అనే వ్రాశాను. మరునాడు చదువుకొని ఉలిక్కిపడ్డాను. హిందీ పత్రికాభాషలో అది విలీనం. తెలుగు పాఠకునికి సర్వనాశనం! 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన బ్యాంకు నాశనమైనదని చదివితే, అందులో సొమ్ము దాచుకొన్నవారి గతి ఏమి?

ఇక్కడి ఆంగ్ల క్రియ 'మెర్జ్'. దానికి మూలం లాటిన్ 'మెర్గెరె', అనగా ముంచుట. పదిహేడవ శతాబ్దంలో ఆంగ్లంలో ప్రవేశించినప్పుడూ అదే అర్థం. పిమ్మట చిన్న హక్కు పెద్ద హక్కులో లీనమగుటకు న్యాయవాదులు దానిని వాడారు. మన విలీనం, విలయం, ప్రళయం కూడా 'లీ' అనే ఒకే ధాతువు బిడ్డలు.

'ఇంటిగ్రేట్' వేరు. లాటిన్‌లో 'ఇంటెగెర్' అనగా చెక్కుచెదరనిది, పూర్ణమైనది. గణితంలోని పూర్ణాంకానికి ఆంగ్లనామం కూడా అదే. కనుక ఇంటిగ్రేట్ చేయుట అనగా పూర్ణం చేయుట. 1961లో ఏర్పడిన జాతీయ సమైక్యతా మండలి ఆంగ్లనామంలో ఉన్నది ఈ మాటయే, 'మెర్జ్' కాదు.

ఈ మునిర్కా సందులలో మణిపురి, మైథిలి, మలయాళం, తెలుగు ప్రక్కప్రక్కనే వినిపిస్తాయి. ఏదీ మరొకదానిలో మునిగిపోనక్కరలేదు. రేపు మీరు అనువాదానికి పూనుకొన్నప్పుడు, పరిచితమైన పదం ఎదురైతే ఒక్క క్షణం ఆగి నిఘంటువు తెరవండి.