తొట్లకొండ



కొండ యనగానే మనవారికి గుడియో, కోటయో జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవు కొండకు నీళ్లతొట్లవలన పేరు వచ్చినది. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున బోవు బాటలో, సుమారు 15 కిలోమీటర్ల దూరమున, మంగమారిపేట యను పల్లెకు సమీపమున నున్న తొట్లకొండ యది.

ఎత్తు 128 మీటర్లు మాత్రమే. పైదాక మోటారుబాట గలదు. ఐనను నా మనుమడు నడచియే యెక్కవలెనని పట్టుబట్టెను. నావి 68 ఏండ్ల మోకాళ్లు. కాదనుటకు సిగ్గుపడి సరే యంటిని. సగము దూరము పోవునప్పటికి ఆయాసము వచ్చి యొక రాతిపై గూర్చుంటిని. ఎదుట సముద్రము, దానిపై జాలరుల పడవలు బియ్యపుగింజలవలె గనబడుచుండెను. ఎండ ముదురకముందే బయలుదేరి, నిలిచి నిలిచి యెక్కినచో మనయీడువారికిని ఆ కొండ యసాధ్యము గాదు.

పైన రెండువేల యేండ్లనాటి బౌద్ధారామము గలదు. నౌకాదళమువారు స్థావరము కొఱకు విమానమునుండి ఆ ప్రాంతమును పరిశీలించునపుడు అది కంటబడినదట. 1988 మొదలు 1993 వఱకు ఆంధ్రప్రదేశ్ పురావస్తుశాఖవారు త్రవ్వింపగా మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల గదులు, వంటశాల బయల్పడినవి. పూర్వము దీనికి సేనగిరి యను పేరుండెనని శాసనమునుబట్టి పండితులు తలంచుచున్నారు. శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమకుల వెండి నాణెములును దొరకినవి. ఎక్కడి రోము, ఎక్కడి మంగమారిపేట!

అయితే నన్ను నిలిపివేసినవి నాణెములు గావు, తొట్లు. వాననీటిని నిలుపుకొనుటకై కొండరాతిని తొలిచి చేసినవి. వానకాలమున మూడు మాసములు దేశసంచారము మాని యొకచోట నుండవలెనని బౌద్ధభిక్షువుల నియమము. ఊరికి మఱీ చేరువగా నుండరాదు. భిక్షకు బోలేనంత దూరముగను ఉండరాదు. అట్టివారికి ఈ కొండ యనుకూలమే. కాని కొండకొమ్మున బావి త్రవ్వుట సులభమా? కావున పడిన చినుకును పల్లమునకు బోనీయక రాతిలో దాచుకొనిరి. ఉలితో పెళ్ల వెంట పెళ్ల రాలగొట్టిన పని యది. ఎన్నినాళ్లు పట్టెనో, ఎందఱి చేతులు బొబ్బలెక్కెనో!

అంచున నిలుచుండగా మా యూరి చెఱువు తలపునకు వచ్చినది. పూడిక తీయింతమని ప్రతి వేసవియందును పెద్దలము రచ్చబండకడ చేరుదుము. ఎవరి వాటా యెంతయని తగవులాడి, తొలకరి పడగానే లేచిపోవుదుము. 14 ఏండ్లు గడచినవి. ఆ తగవులో నా గొంతును చిన్నది కాదు.

ఒక్కమాట చెప్పవలెను. 2019 అక్టోబరులో కురిసిన పెద్దవానలకు మహాస్తూపమున కొంతభాగము కూలినది. మరల కట్టవలసి వచ్చినది. వానను పట్టి బ్రదికినచోటికి వానయే చేటు తెచ్చినది. పిల్లలను దీసికొనిపోవువారు వారిని ఆ గోడలపై నెక్కనీయకుడు. మా వాడొకడు ఎక్కబోగా నేను కేకవేసి దింపితిని.

దిగునప్పటికి నాకు నాలుక పిడచగట్టినది. మనుమడు సంచిలోని నీళ్లసీసా నాచేతికిచ్చి, "తాతా, క్రిందినుండి మోసికొని వచ్చినవి. నాకును కొన్ని యుంచుము" అనెను.